ఫంక్షన్ హాల్లో ఏడిపించే క్లాసులు ఎక్కడ పుట్టాయి

మే నెల ఉక్కపోతలో చెమట్లు కారిపోతున్నా మెడకి టై బిగించుకుని బండి మీద తిరిగే మనిషి కనపడితే మా కోనసీమలో ఒకప్పుడు రెండే అర్థాలు. మెడికల్ రెప్ అయినా అవ్వాలి, లేదా చైన్ మార్కెటింగ్‌లో చేరమని "ప్లాన్ చూపిస్తానండి" అంటూ వచ్చే చుట్టమైనా అవ్వాలి. ఆ రెండో రకం వాళ్ళు ఈమధ్య సబ్బులూ పౌడర్ డబ్బాలూ తేవట్లేదు, క్లాసులు తెస్తున్నారు. మూడు రోజులు కూర్చుంటే జీవితం మారిపోద్దంట. ఏం చెప్తారండీ అక్కడ అని అడిగితే మాత్రం "అది చెప్తే తెలీదండి, కూర్చుంటేనే తెలుస్తుంది" అంటారు.

నేనూ కూర్చున్నాను లెండి. వరసకి బావ అయ్యే ఆయన పిలిచాడు, కాదంటే మా అక్క ఏమనుకుంటుందో అని వెళ్ళాను. పెళ్ళిళ్ళు జరిగే ఫంక్షన్ హాలే, స్టేజీ మీద మొన్నటి పెళ్ళి తాలూకు పూలదండలు ఇంకా తీయలేదు. ఫోన్లు గుమ్మం దగ్గరే బుట్టలో వేయించుకున్నారు, కిటికీలు మూసేశారు, భోజనం మూడింటికి పెట్టారు. మా వైపు మనిషికి ఒంటిగంటకి అన్నం పడకపోతే బుర్ర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. రెండో రోజు సాయంత్రం లైట్లు తగ్గించి, పోయినవాళ్ళని తలుచుకుని వాళ్ళతో పైకి మాట్లాడమన్నారు. రొయ్యల చెరువు పోయి అప్పులపాలైన ఒక పెద్దాయన లేచి, మైకులో వాళ్ళ నాన్నకి క్షమాపణ చెప్పుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు, హాలంతా చప్పట్లు, నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. మూడో రోజు ఒక కాగితం ఇచ్చారు. ఒక పక్క రెండో లెవెల్ క్లాసు ఫీజు, ఇంకో పక్క మీరు ప్రేమించే ఐదుగురి పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి అని.

ఆ కాగితం చూశాకే, అసలు ఈ తంతు ఎక్కడిది అని వెతకడం మొదలుపెట్టాను.

మొదలైతే మంచిగానే మొదలైంది. 1946 ఎండాకాలంలో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్ అనే ఊళ్ళో, జాతి మత ద్వేషాలు తగ్గించే పని చేసేవాళ్ళకి ట్రైనింగ్ పెట్టారు, నడిపించింది కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు. పగలు జరిగిన చర్చల గురించి సాయంత్రం టీచర్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే కొంతమంది ట్రైనీలు మేమూ వింటాం అని వచ్చి కూర్చున్నారు. "ఆవిడ పొద్దున ఇలా మాట్లాడింది" అని అంటుంటే ఆవిడే లేచి "నేను అలా అనలేదు" అంది. అదిగో, ఆ గొడవలోనే వాళ్ళకి తట్టింది, మనిషి ముందే మనిషి గురించి పదిమందీ చెప్తే లోపల ఏదో కదులుతుందని. మరుసటి ఏడాది లెవిన్ పోయాడు, కానీ మెయిన్ అనే రాష్ట్రంలోని బెథెల్ అనే ఊళ్ళో ఆ పద్ధతిని బడిలాగా మొదలెట్టారు. 1962లో కాలిఫోర్నియాలో ఎసలెన్ అనే కేంద్రం వచ్చాక ఆ ట్రైనింగ్ కాస్తా ఏడుపులూ కౌగిలింతలూ అయిపోయింది.

ఇది ప్రమాదం అని తెలీక జరిగింది కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ లో యాలమ్, లీబర్‌మన్ అనే ఇద్దరు దాదాపు 200 మంది విద్యార్థులు ఇలాంటి గ్రూపుల్లో కూర్చుంటే ఏమైందో చూసి 1971లో ప్రచురించారు. 16 మంది బాగా దెబ్బతిన్నారు, అదీ నెలల తర్వాత కూడా కోలుకోకుండా. ఎవరు దెబ్బతిన్నారో గ్రూపు నడిపినవాళ్ళకి తెలీలేదు, పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు మాత్రం గుర్తుపట్టారు. ఆకర్షణగా మాట్లాడుతూ మీద పడిపోయి గుచ్చి గుచ్చి అడిగే లీడర్ల దగ్గరే నష్టం ఎక్కువ. మన హాల్లో మైకు పట్టుకున్నాయన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అసలు మలుపు మాత్రం సబ్బులబ్బాయిల దగ్గరే ఉంది, నాకు చదువుతుంటే నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. 1964లో విలియం పెన్ పాట్రిక్ అనే ఆయన హాలిడే మ్యాజిక్ అని కాస్మెటిక్స్ చైన్ కంపెనీ పెట్టాడు, సరుకు అమ్మడం కన్నా మనుషుల్ని చేర్పించడంలోనే డబ్బు. మనిషిని చేర్పించాలంటే ముందు వాడిలోని మొహమాటం చంపాలి కదా, అందుకు 1967లో లీడర్‌షిప్ డైనమిక్స్ అని ఒక ట్రైనింగ్ పెట్టాడు. అందులో మనుషుల్ని కొట్టారని, శవపేటికల్లో పెట్టి మూశారని ఆ తర్వాత కేసులు పడ్డాయి. 1973లో ఆయన విమాన ప్రమాదంలో పోయాడు. కానీ ఆయన డబ్బు పెట్టిన మైండ్ డైనమిక్స్ అనే ఇంకో క్లాసు ఉంది, అందులో పాఠాలు చెప్పిన వెర్నర్ ఎర్‌హార్డ్ 1971లో బయటికొచ్చి ఈ.ఎస్.టి. (ఎర్‌హార్డ్ సెమినార్స్ ట్రైనింగ్) అని సొంత క్లాసు పెట్టాడు, అటు నుంచే వచ్చిన జాన్ హాన్లీ 1974లో లైఫ్‌స్ప్రింగ్ అని ఇంకోటి పెట్టాడు. అంటే ఏడిపించే క్లాసూ చైన్ మార్కెటింగూ తర్వాతెప్పుడో కలిసినవి కావు, ఒక పొయ్యి మీదే ఉడికాయి.

ఈ.ఎస్.టి. అంటే రెండు వీకెండ్లు, హోటల్ హాల్లో 250 మంది దాకా, వాచీలు తీసేయాలి, బాత్రూమ్‌కి వాళ్ళు చెప్పినప్పుడే వెళ్ళాలి. నీకు జరిగిన ప్రతిదానికీ కారణం నువ్వే అనేది మూల పాఠం. వినడానికి బాగానే ఉంటుంది, కానీ దీనివల్ల క్లాసు పనిచేయకపోయినా తప్పు నీదే అవుతుంది, ఇంక కంప్లయింట్ ఎవడిస్తాడు? మా హాల్లో ఆ పెద్దాయనకి కూడా ఇదే చెప్పారు, చెరువుకి వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కొట్టింది నెగెటివ్ ఆలోచన వల్లేనంట. 90ల మధ్య నుంచీ భీమవరం దగ్గర్నుంచి అమలాపురం దాకా ఎంతమంది చెరువులు ఎత్తేశారండీ ఆ వైరస్‌కి, అందరూ ఒకేసారి నెగెటివ్‌గా ఆలోచించారా?

ఇంకో సంగతి. 1977లో ఒక సైకియాట్రీ జర్నల్లో డాక్టర్లు ఈ.ఎస్.టి. తర్వాత మతి చలించిన ఐదుగురి గురించి రాశారు, అందులో నలుగురికి అంతకుముందు మానసిక జబ్బు చరిత్ర లేదు. క్లాసు వల్లే వచ్చిందని ఐదుగురితో రుజువు కాదు, నిజమే. కానీ నిద్ర లేకుండా, ఆకలితో, అందరి ముందూ పాత గాయం కెలికించుకోవడం అందరూ తట్టుకోలేరు, అక్కడ డాక్టరూ ఉండడు.

తర్వాత కథ పేపర్లలో వచ్చిందే. 2009లో అరిజోనాలో జేమ్స్ ఆర్థర్ రే అనే ఆయన మనుషుల్ని ఆవిరి గుడారంలో కూర్చోబెడితే ముగ్గురు చనిపోయారు, వాళ్ళు అందుకు కట్టింది తలా తొమ్మిది వేల డాలర్ల పైనే. 1998లో సక్సెస్ క్లాసులతో మొదలైన నెక్సియం అనే సంస్థని నడిపిన కీత్ రనీరీకి 2020లో 120 ఏళ్ళ జైలు పడింది. ఆయన కూడా అంతకుముందు చైన్ మార్కెటింగ్ కంపెనీ నడిపినవాడే, చూశారా.

మన దగ్గర చట్టం పాతదే, 1978 నాటి మనీ సర్క్యులేషన్ స్కీముల, అంటే మనుషుల్ని చేర్పిస్తే డబ్బు వచ్చే గొలుసు స్కీముల నిషేధ చట్టం. 2007లో ఉమ్మడి ఏపీ హైకోర్టు ఆమ్వే అనే చైన్ కంపెనీ పద్ధతి ప్రాథమికంగా దీని కిందకే వస్తుందంది, 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ ఇండియా సీఈఓని అరెస్టు చేశారు, మాది సక్రమమైన వ్యాపారమే అని కంపెనీ వాదన. 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ వచ్చి పిరమిడ్ స్కీముల్ని నిషేధించాయి. బానే ఉంది. మరి పైసా కమిషన్ ఇవ్వకుండా, ప్రేమ పేరు చెప్పి ఐదుగురి నంబర్లు రాయించుకునేవాడికి ఇవి ఎలా తగులుతాయి?

మా డెల్టాకి ఇది ఇంత తొందరగా ఎందుకు అంటుకుంటుందా అని ఆలోచిస్తే, ఒకటి రొయ్య. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ వరి అంటే ధైర్యం, చెరువు వచ్చాక ఒక్క రాత్రిలో లక్షలు రావడమూ చూశాం పోవడమూ చూశాం, కాబట్టి "మూడు రోజుల్లో మారిపోద్ది" అంటే నమ్మబుద్ధవుతుంది. రెండు, చుట్టరికం. ఇక్కడ అప్‌లైన్, అంటే మనల్ని చేర్పించేవాడు, మేనమామో తోడల్లుడో, కాదంటే రేపు పెళ్ళిలో మొహం చూపించాలి. ఇంకోటి కూడా ఉంది. బాబా దగ్గరికి వెళ్తానంటే ఇంట్లో నాలుగు ప్రశ్నలడుగుతారు. దేవుడు లేడన్నందుకు గోరా గారి లెక్చరర్ ఉద్యోగం 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలోనే ఊడింది, అలాంటి ప్రశ్నలడిగే అలవాటు ఈ నేలకి కొత్త కాదు. కానీ వచ్చినోడు సూటు వేసుకుని, బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, "సబ్‌కాన్షస్" అన్నాడనుకోండి, అదే ఇంట్లో ఫీజు చేతికిచ్చి పంపిస్తారు.

రెండో లెవెల్‌కి నేను వెళ్ళలేదు. ఆ పెద్దాయన వెళ్ళాడని, ఫీజుకి అప్పు చేశాడని బావే గొప్పగా చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత తణుకు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, "అన్నయ్యా, ఎవరో రోజుకి మూడుసార్లు చేస్తున్నారు, నా నంబరు నువ్వే ఇచ్చావంట కదా" అని.