ఒంటారియోలో ఇంటి పన్ను, పిల్లల బడి: అపోహలు - వాస్తవాలు

కెనడాలో ఒంటారియో ప్రావిన్స్‌ (మన రాష్ట్రం లాంటిది)లోని బ్రాంప్టన్‌లో పన్ను రిటర్నులు వేయడం నా పని. మార్చి, ఏప్రిల్‌లలో మన తెలుగు కుటుంబాలు కాగితాలన్నీ సంచిలో వేసుకుని వస్తాయి. లెక్క తేలాక మాట స్కూళ్ళ మీదకి మళ్ళుతుంది. అక్కడ ఏటా అవే టెన్షన్లు వింటున్నాను.

అపోహ: ఖరీదైన ఇళ్ళున్న ఏరియాలో స్కూళ్ళకి ప్రభుత్వం డబ్బు ఎక్కువ ఇస్తుంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు చెప్పే మాట ఇది. అమెరికాలో చాలాచోట్ల బడి ఖర్చుకి స్థానిక ఆస్తి పన్నే పెద్ద ఆధారం కాబట్టి అక్కడ ఆ మాటలో నిజముంది. ఒంటారియోలో మాత్రం 1998 నుంచి పన్ను రేటు నిర్ణయించే అధికారం స్కూల్ బోర్డులకి, అంటే ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ నిధులతో బడులు నడిపే సంస్థలకి, లేదు. మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడండి, విద్యకి విడిగా ఒక లైను ఉంటుంది. ఆ రేటు ప్రావిన్స్ పెడుతుంది. 2020 నుంచి ఇళ్ళకి టొరంటోలోనైనా థండర్ బేలోనైనా అది 0.153 శాతమే. దాన్ని ఇవాళ్టి మార్కెట్ ధర మీద కాకుండా, 2016 జనవరి 1 నాటి విలువ మీద లెక్కిస్తున్నారు. ఆ విలువ 5 లక్షల డాలర్లయితే బడి పన్ను 765 డాలర్లు.

బోర్డుకి ఎంత వెళ్ళాలన్నది ప్రావిన్స్ ఫార్ములా తేలుస్తుంది. పిల్లలెందరు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునేవాళ్ళెందరు, ప్రత్యేక అవసరాలున్నవాళ్ళెందరు, బస్సులకెంత, భవనాలకెంత అని చూస్తారు. పన్ను చాలకపోతే మిగతాది ప్రావిన్స్ ఖజానా నుంచి వస్తుంది.

తేడాలు అసలే లేవని అనను. కలిగినవాళ్ళ ఏరియాలో తల్లిదండ్రులు విరాళాలు ఎక్కువ పోగుచేస్తారు, ఆ డబ్బుతో పిల్లలకి అదనపు సౌకర్యాలు వస్తాయి. అది నాకు బాధగానే ఉంటుంది. అయినా దాని కోసం తాహతుకి మించిన మార్ట్‌గేజ్ నెత్తిన పెట్టుకోవద్దని ప్రతి ఇంటికీ చెబుతాను.

అపోహ: ఇంటి పన్ను రికార్డులో "క్యాథలిక్ బోర్డు (ప్రభుత్వ నిధులతోనే నడిచే క్యాథలిక్ స్కూళ్ళ బోర్డు) మద్దతుదారు" అని రాస్తే ఆ బోర్డుకి నిధులు పెరుగుతాయి.

పెరగవు. నిధులు పిల్లల సంఖ్యని బట్టి వెళ్తాయి. మీరు ఏ బోర్డు ట్రస్టీకి (బోర్డుకి ఎన్నికయ్యే సభ్యుడికి) ఓటు వేస్తారన్నది మాత్రం దానివల్ల మారుతుంది.

అపోహ: ప్రైవేటు స్కూళ్ళకీ ప్రావిన్స్ కొంత ఇస్తుంది.

బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా ఇస్తాయి. ఒంటారియో ఇవ్వదు.

అపోహ: అద్దెకుండేవాళ్ళకి ఈ పన్నుతో సంబంధం లేదు.

సంబంధం ఉంది, ఈ అపోహ వల్ల నష్టపోతున్నది వీళ్ళే. ఓనరు కట్టే పన్ను మీ రెంటులో ఉంటుంది. అందుకే ఆదాయం తక్కువున్నవాళ్ళకి ట్రిలియం బెనిఫిట్ కింద కొంత వెనక్కి ఇస్తారు. దానికి రిటర్నుతో పాటు ఓఎన్-బెన్ ఫారం నింపాలి. సంపాదన సున్నా అయినా రిటర్ను వేయాలి. భార్యాభర్తల్లో ఒక్కరే అడగాలి. బేస్‌మెంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి అడగనివాళ్ళని చూశాను. రెంటు రసీదు అడిగితే ఓనరు ఉచితంగా ఇవ్వాలని 2006 నాటి అద్దె చట్టంలో ఉంది. ఓనరుతో ఒకే వంటగది వాడుకునేవాళ్ళకి ఆ చట్టం వర్తించదు. మీరు అలా ఉంటుంటే ప్రతి నెలా రెంటు పంపిన ఈ-ట్రాన్స్‌ఫర్ వివరాలు దాచుకోండి.