'గెస్ట్స్ ఆఫ్ ద నేషన్' కథ: క్లాసులో ప్రతి ఏడాదీ వినే అపోహలు, అసలు సంగతి

డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి 18 ఏళ్లయింది. ఫ్రాంక్ ఓకానర్ కథ చెప్పిన ప్రతిసారీ జవాబు పత్రాల్లో అవే మాటలు కనిపిస్తాయి, చాలావరకు గైడు పుస్తకాల పుణ్యం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ: ఐర్లండ్ పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో ఇద్దరు ఇంగ్లీష్ సైనికులు, బెల్చర్, హాకిన్స్, బందీలు. కాపలా ఐరిష్ తిరుగుబాటు సైనికులు నోబుల్, బోనపార్ట్. (కథ చెప్పేది బోనపార్టే. నెపోలియన్ కాదు, ఏటా ఒకరైనా అడుగుతారు.) నలుగురూ పేకాడుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. చివరికి ఆ ఇద్దర్నీ కాల్చేస్తారు.

అపోహ: ఇది బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేల్చిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) కథ.
కాదు. అది 1970ల సంగతి. ఇది బ్రిటన్ మీద ఐర్లండ్ చేసిన 1919-21 స్వాతంత్ర్య యుద్ధం. ఓకానర్ 1903లో కార్క్‌లో పుట్టాడు, ఆ తర్వాత వచ్చిన అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షాన ఉండి గోర్మన్‌స్టన్ క్యాంపులో ఖైదీగా గడిపాడు. తాకట్టుగా పట్టుకున్న ఇద్దరు ఇంగ్లీష్ సైనికుల కబురు అక్కడ పల్లెటూరి కుర్రాళ్లు చెప్పుకుంటుంటే ఆయన చెవిన పడింది. కథ అచ్చయింది 1931లో.

అపోహ: స్నేహమా, డ్యూటీయా అని తేల్చుకోవాల్సి వచ్చి వాళ్లు డ్యూటీని ఎంచుకున్నారు.
పది మార్కుల ప్రశ్నకి అందరూ రాసే జవాబు ఇదే. కథ మళ్లీ చదవండి, ఎంచుకునే చోటు ఎక్కడుందో చూపించండి. ఆ ఇద్దరూ తాకట్టు మనుషులని, అవతల ఇంగ్లీష్‌వాళ్లు ఐరిష్ ఖైదీలని కాల్చేస్తే ఇవతల వీళ్లని చంపుతారని బోనపార్ట్‌కి మొదట తెలియనే తెలియదు. ఒక సాయంత్రం మాటల మధ్యలో పైఅధికారి డోనవన్ అంటాడు, నీకు తెలుసనుకున్నానే అన్నట్టు. అప్పటికే ఆలస్యమైపోయింది. బెల్చర్ ముసలావిడకి కట్టెలు కొట్టిపెట్టి, నీళ్లు మోసి ఇంట్లో మనిషైపోయాడు. దేవుడున్నాడా లేడా అని హాకిన్స్, నోబుల్ రాత్రంతా కొట్లాడుకుంటున్నారు. కాపలావాళ్ల నోట కూడా బందీల 'చమ్' అనే పిలుపు వచ్చేస్తోంది. దాన్ని నేను క్లాసులో 'గురూ' అని చెప్తాను, 'మిత్రమా' అంటే కథ చచ్చిపోతుంది. తుపాకీ ముందు నిలబెట్టినప్పుడు హాకిన్స్ పట్టుకు వేలాడేది కూడా ఆ పిలుపునే: మనం గురూ గురూ అనుకున్నవాళ్లం కదా, నన్నెందుకు చంపుతారు అని. కావాలంటే మీ వైపు వచ్చేస్తాను అని కూడా అంటాడు. ఎవరూ జవాబివ్వరు.

అపోహ: డోనవన్ విలన్.
ఇది నేనూ కొన్నేళ్లు నమ్మాను. తర్వాత ఒక సంగతి తెలిసి ఆగిపోయాను. ఓకానర్ అనేది వాళ్లమ్మ పుట్టింటి పేరు, రచయిత అసలు పేరు మైకెల్ ఓడోనవన్. అందరికంటే ఎక్కువసార్లు డ్యూటీ అనే మాట వాడే మనిషికి తన ఇంటిపేరే తగిలించాడంటే, వేలు ఎటు చూపిస్తున్నాడో నాకు అనుమానమే.

అపోహ: డ్యూటీ అంటే 'విధి'.
తెలుగులో జవాబు ఆలోచించుకుని ఇంగ్లీషులోకి మార్చే పిల్లలు ఇక్కడే పడతారు. మనకి విధి అంటే కర్తవ్యమూ అదే, తలరాతా అదే. దాంతో 'అంతా విధి' అని రాసేసి ఊరుకుంటారు, అప్పుడిక ఎవరి బాధ్యతా లేదు. కథలో ఈ మాట మీద ఇద్దరే గట్టిగా మాట్లాడతారు. డోనవన్ మా డ్యూటీ మేం చేస్తున్నాం అని సంజాయిషీ ఇస్తాడు. చావబోయే బెల్చర్ ఏమో, డ్యూటీ అంటే ఏంటో నాకెప్పుడూ అర్థం కాలేదు, మీరంతా మంచివాళ్లే అంటాడు. నేనైతే 'డ్యూటీ' అనే ఉంచేయమంటాను. బస్సు కండక్టరు నుంచి కానిస్టేబుల్ దాకా అందరూ వాడే మాటే, అందులో ఎంత ఉందో ఎంత లేదో మనకి తెలుసు.

అపోహ: ఇలాంటివి కథల్లోనే జరుగుతాయి.
1920 జూన్‌లో ఫెర్మాయ్ దగ్గర చేపలు పడుతున్న బ్రిటిష్ జనరల్ లూకస్‌ని ఐఆర్ఏ పట్టుకుంది. కాపలావాళ్లతో పేకాడుతూ గడిపి, జులై చివర్లో తప్పించుకున్నాడు. తప్పించుకోనిచ్చారని కూడా అంటారు. మేజర్ కాంప్టన్-స్మిత్‌కి ఆ అదృష్టం లేదు. 1921 ఏప్రిల్‌లో కార్క్ జిల్లాలో దొరికాడు, అవతల ఐరిష్ ఖైదీలని కాల్చేశారు, ఇవతల ఇతన్ని కాల్చారు. చనిపోయే ముందు భార్యకి రాసిన ఉత్తరంలో తన గడియారాన్ని తనని కాల్చబోయే అధికారికే ఇమ్మన్నాడు, అతను తన డ్యూటీ అని నమ్మిందే చేస్తున్నాడు, నాకు కోపం లేదు అని. క్లాసులో ఇది చెప్పాక కాసేపు ఎవరూ సెల్ తీయరు.

అపోహ: బోనపార్ట్ నిలబడి చూశాడంతే.
సినాప్సిస్ చదివినవాళ్లంతా ఇలాగే రాస్తారు. మొదట కాల్చేది డోనవనే. కానీ హాకిన్స్ ఇంకా పూర్తిగా చావలేదు, ఎడమ మోకాలు మెల్లగా పైకి లేస్తోంది. అప్పుడు వంగి రెండో గుండు పేల్చేది బోనపార్ట్. అదీ పక్కన నిలబడిన బెల్చర్, ముందు వాడిది కానివ్వండి, నాకేం పర్లేదు అన్నాకే.

కంగారులో హాకిన్స్‌కి కళ్లకి గంతలు కట్టడం కూడా మర్చిపోయారు. బెల్చర్ తన కళ్లకి తనే కట్టుకోబోతాడు, రుమాలు చాలదు. నీది ఒకసారి ఇస్తావా అని బోనపార్ట్‌ని అడుగుతాడు, పక్కింటివాళ్లని గొడుగు అడిగినట్టు. రెండూ కలిపి ముడేసి కట్టుకుంటాడు. ఆ రుమాలు బోనపార్ట్ వెనక్కి తీసుకున్నట్టు కథలో ఎక్కడా లేదు.