పేరు తెలియని క్యామ్ షాఫ్ట్‌ను కొలిచి గుర్తుపట్టడం

వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో గత వేసవిలో పాత అంబాసిడర్ ఇంజన్ ఒకటి విప్పారు. ఆ కారు యాక్సిలరేటర్ నొక్కనప్పుడు, అంటే స్లోలో, నిలకడగా ఆడేది కాదు, కాజీపేట వంతెన ఎక్కేటప్పుడు బలం చాలేది కాదు. కార్బురేటర్ కడిగినా, ప్లగ్గులు మార్చినా ఫలితం లేకపోవడంతో చివరికి క్యామ్ షాఫ్ట్ బయటికి తీశారు. "సార్, ఈ ఇంజన్ ఎందరి చేతులు మారిందో, ఈ షాఫ్ట్ దేనిదో మాకు ఎరుక లేదు" అన్నారు మేస్త్రి. దాని మీద పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు ఉన్నాయి కానీ, అవి పోత అచ్చుకు సంబంధించినవి మాత్రమే. ఒకే పోతను తెచ్చి వేర్వేరు ఆకారాల్లో గ్రైండింగ్ చేయవచ్చు కాబట్టి, ఆ అంకెలను నమ్మి షాఫ్ట్‌కు పేరు పెట్టకూడదు.

క్యామ్ షాఫ్ట్ అంటే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో లోహంలో చెక్కిపెట్టిన వేళల పట్టిక. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, తిరిగేలోపు అది ఒక్క చుట్టు తిరుగుతుంది. అంబాసిడర్‌లో ఎక్కువ కాలం వాడిన 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్‌లో ఈ షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది. షాఫ్ట్ మీది ఉబ్బును లోబ్ అంటారు. లోబ్ తన మీద ఆనిన టాపెట్ అనే చిన్న స్తంభాన్ని, టాపెట్ పుష్‌రాడ్ అనే కడ్డీని, పుష్‌రాడ్ తూగుడుబల్లలా ఊగే రాకర్‌ను కదిపితే రాకర్ రెండో కొస వాల్వును నొక్కుతుంది. కనుక లోబ్ ఆకారాన్ని చదవగలిగితే షాఫ్ట్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

మొదట షాఫ్ట్‌ను వీ-బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి మైక్రోమీటర్‌తో ఎనిమిది లోబ్‌లనూ కొలిచాము. లోబ్ మొన నుంచి దాని వెనుక వైపు వరకు ఒక కొలత, దానికి అడ్డంగా గుండ్రటి భాగానికి మరో కొలత తీసుకుని, మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేస్తే లిఫ్ట్, అంటే లోబ్ టాపెట్‌ను లేపే ఎత్తు, వస్తుంది. వాల్వు దగ్గరి లిఫ్ట్ కావాలంటే దీన్ని రాకర్ నిష్పత్తితో, అంటే రాకర్ రెండు చేతుల పొడవుల నిష్పత్తితో, హెచ్చించాలి. ఆరు లోబ్‌ల లిఫ్ట్ దాదాపు ఒక్కటిగానే ఉంది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ లోబ్ (పొగను బయటికి వదిలే వాల్వును కదిపేది), దాని పక్క లోబ్ మాత్రం ముప్పావు మిల్లీమీటరుకు పైగా తగ్గాయి. టార్చిలైట్ వెలుగులో చూస్తే వాటి మొనలు నిగనిగలాడే అద్దంలా కాక, నాగటిచాలు పడ్డట్టు గీతలు తేలి చదునుగా ఉన్నాయి. వాటికి ఆనిన టాపెట్ల అడుగు గుంటపడి ఉంది. టాపెట్ తన చోట తిరుగుతూ ఉంటేనే అరుగుదల సమంగా పరుచుకుంటుంది. అది తిరగడం ఆగినచోట లోబ్, టాపెట్ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. అరుగుదలను వేరే రకం షాఫ్ట్‌గా పొరబడే ప్రమాదం ఇక్కడే ఉంది కనుక, ఒకటి రెండు లోబ్‌లను కొలిచి తీర్పు చెప్పకూడదు.

లోబ్ వెనుక గుండ్రటి భాగాన్ని బేస్ సర్కిల్ అంటారు. షెడ్డులో ఉన్న, అసలుదని తెలిసిన మరో షాఫ్ట్‌తో పోల్చితే దీని బేస్ సర్కిల్ అన్ని లోబ్‌ల మీదా అర మిల్లీమీటరు దాకా చిన్నది. అరిగిన లోబ్‌లను మళ్లీ గ్రైండింగ్ చేసేవారు కొత్త లోహం చేర్చలేరు, ఉన్నదాన్ని చుట్టూ తీసేసి పాత ఆకారాన్ని చిన్న వలయం మీద నిలబెడతారు. అప్పుడు టాపెట్ కిందికి దిగుతుంది, ఆ దూరాన్ని పూడ్చడానికి రాకర్ మీది సర్దుబాటు స్క్రూను మరింత కిందికి తిప్పాలి. విప్పేటప్పుడే ఆ స్క్రూల లాక్‌నట్ పైన మరలు చాలా తక్కువ కనిపించాయని మేస్త్రి గుర్తుచేశారు. షాఫ్ట్ ఒకసారి గ్రైండింగ్‌కు వెళ్లి వచ్చిందనడానికి నాకు ఆ మాట మైక్రోమీటర్ కొలతతో సమానమైన సాక్ష్యం.

ఇక వేళల విషయం. షాఫ్ట్‌ను ఇంజన్‌లో తిరిగి అమర్చి, క్రాంక్ ముందు కొసకు డిగ్రీలు గీసిన చక్రం, టాపెట్ మీద డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే సాధనం) పెట్టాము. పిస్టన్ పైకొసన ఉన్నప్పుడు క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదలినట్టే ఉండదు, కాబట్టి అసలు టాప్‌ను కంటితో నిర్ణయించలేము. పిస్టన్‌కు అడ్డుగా ఒక ఆపు బిగించి, క్రాంక్‌ను ఇటూ అటూ తగిలేదాకా తిప్పి, ఆ రెండు గుర్తుల నడిమధ్యను టాప్‌గా తీసుకోవాలి. లోబ్ మొదట్లో వాలు చాలా మెల్లనిది కనుక గేజ్ ముల్లు ఎక్కడ కదలడం మొదలైందో ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబుతారు. అందుకే 1 మిల్లీమీటరు లిఫ్ట్ దగ్గర చదివాము, తెలిసిన షాఫ్ట్‌ను కూడా అదే పద్ధతిలో చదివాము.

ఇలాంటి లెక్క ఏమి చెబుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఇంధనం, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వు టాప్‌కు 5 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ అడుగు దాటాక 45 డిగ్రీలకు మూసుకుంటే, అది తెరిచి ఉన్న కాలం 5, 180, 45 కలిపి 230 డిగ్రీలు. ఎగ్జాస్ట్ అడుగుకు 40 ముందు తెరుచుకుని టాప్ దాటాక 10కి మూసుకుంటే అదీ 230. టాప్ దగ్గర రెండూ కలిసి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ 15 డిగ్రీలు. ఇదే బీ-సిరీస్ కుటుంబంలోని 1798 సీసీ ఇంజన్ గల ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఇవి వరుసగా 16, 56, 51, 21. కాలం 252, ఓవర్‌ల్యాప్ 37. ఆశ్చర్యకరంగా, లోబ్‌ల మధ్య కోణం (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మొనల మధ్య షాఫ్ట్ మీది కోణం) మాత్రం రెండింటిలోనూ 107.5 డిగ్రీలే. కోణం ఒక్కటే చూసినవాడు ఈ రెంటినీ వేరుచేయలేడు.

1 మిల్లీమీటరు లిఫ్ట్ దగ్గర చదివిన తెరిచి ఉన్న కాలం మా షాఫ్ట్‌లో అరగని లోబ్‌లు 198 డిగ్రీలు, తెలిసిన షాఫ్ట్ 197 డిగ్రీలు చూపాయి. లోబ్‌ల మధ్య కోణమూ కలిసింది. మొత్తంగా షాఫ్ట్ ముందుకో వెనక్కో జరిగినట్టు తేలితే అది క్రాంక్ నుంచి షాఫ్ట్‌ను తిప్పే చైన్ సాగడం వల్లో, పళ్ల చక్రం అమర్చిన తీరు వల్లో వచ్చే తేడా, దాన్ని షాఫ్ట్ గుణంగా రాసుకోకూడదు. అంటే ఇది మామూలు అంబాసిడర్ షాఫ్టే, ఒకసారి గ్రైండింగ్ అయ్యి, రెండు లోబ్‌ల దగ్గర అరిగిపోయింది. మూడో సిలిండర్ పొగ పూర్తిగా బయటికి పోక స్లోలో తడబడింది.

మళ్లీ గ్రైండింగ్ చేయిద్దామా అన్న ప్రశ్నకు నేను వద్దన్నాను, ఎందుకంటే పోత ఇనుప లోబ్ గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, ఆ పొర దాటితే కింద మెత్తని ఇనుమే. తెలిసిన షాఫ్ట్‌ను కొత్త టాపెట్లతో బిగించారు. తీసిన అంకెలను మేస్త్రి రాకర్ కవర్ లోపలి వైపు తెల్ల పెయింట్‌తో రాసి, ఆరాక కవర్ మూశారు.