మెత్తటి లోహాలు కలిస్తే గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది?

చిన్న రాగితీగ ముక్కను వేళ్ళతో వంచి చూడండి. మొదటిసారి ఇట్టే వంగుతుంది. సాఫు చేసి అక్కడే మళ్ళీ వంచితే కాస్త మొరాయిస్తుంది. అలా వంచుతూ పోతే బిగుసుకుపోయి, చివరికి పుటుక్కున తెగుతుంది. తెగకముందే మంటలో ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మాత్రం మళ్ళీ మెత్తబడుతుంది. బయటి నుంచి ఏదీ కలపలేదు, లోపలి నుంచి ఏదీ తీయలేదు. మరి ఏం మారినట్టు?

ముందు పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో చూడాలి. ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. వజ్రంలో పక్కపక్క కార్బన్ పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ల జతను పంచుకుంటాయి. లోహంలో ఆ పంపకం ఇద్దరి మధ్య కాదు, అందరి మధ్య. రాగిలో ప్రతి పరమాణువూ దాదాపు ఒక ఎలక్ట్రాన్‌ను ఉమ్మడిలో వేస్తుంది. అవి ముక్క అంతటా తిరుగుతుంటాయి. ధనావేశంతో మిగిలిన అయాన్లన్నిటినీ కలిపి ఉంచేది ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లే. లోహంలో కరెంటు పారడం, వేడి త్వరగా పాకడం వాటి పుణ్యమే.

ఉప్పు పలుకును సుత్తితో కొడితే పగిలిపోతుంది. పరమాణువుల ఒక వరుస జరగగానే ఒకే ఆవేశం ఉన్న అయాన్లు ఎదురెదురు పడి తోసుకుంటాయి. రాగిలో వరుస జరిగినా కొత్త చోట కూడా అవే ఎలక్ట్రాన్లు చుట్టూ ఉంటాయి. అందుకే పగలకుండా సాగుతుంది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. వరుస మొత్తం ఒక్కసారిగా జరగడానికి ఎంత బలం కావాలో లెక్కకడితే, స్వచ్ఛమైన లోహం నిజంగా వంగే బలానికి వెయ్యి రెట్లు, ఇంకా పైనే తేలింది. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా దీన్ని విప్పారు. పరమాణువులు వరుసగా పేర్చినట్టుండే స్ఫటికంలో అక్కడక్కడా ఆ వరుస తప్పి ఉంటుంది. ఈ లోపాలను డిస్‌లొకేషన్లు అంటారు. గొంగళిపురుగు ఒళ్ళంతా ఒకేసారి ఈడ్చుకోదు, వీపు మీది ఉబ్బును కొంచెం కొంచెంగా ముందుకు జరుపుకుంటూ పోతుంది. లోహంలో ఈ లోపమూ అలాగే నడుస్తుంది, తక్కువ బలంతోనే. తీగను వంచినకొద్దీ ఇలాంటివి కోకొల్లలుగా పుట్టి ఒకదానికొకటి అడ్డుపడతాయి. కాలిస్తే పరమాణువులు కొత్త స్ఫటికాలుగా సర్దుకుని, ఆ చిక్కుముడి విడిపోతుంది.

కాబట్టి లోహం గట్టిపడాలంటే డిస్‌లొకేషన్ల దారికి అడ్డం పెట్టాలి. మిశ్రమలోహాల బలమంతా ఇందులోనే ఉంది. రాగి, తగరం విడివిడిగా మెత్తటివి. నూటికి పదిపాళ్ళ తగరం చేరితే, రాగికన్నా పెద్దవైన ఆ పరమాణువులు చుట్టూ ఉన్న వరుసలను ఒత్తి వంకర చేస్తాయి. అదే కంచు. ఉక్కులో కార్బన్ పరమాణువు చిన్నది కాబట్టి ఇనుము పరమాణువుల సందుల్లో దూరి కూర్చుంటుంది. ఒక శాతం లోపు కార్బన్ కూడా ఇనుము స్వభావాన్నే మార్చేస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అల్యూమినియం కథ. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన దానికి సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, బాగా వేడిచేసి చటుక్కున చల్లార్చాడు. అప్పటికది మెత్తగానే ఉంది. కొన్ని రోజులు ఊరికే ఉంచి చూస్తే, దానంతటదే గట్టిపడింది! అదే డ్యూరాలుమిన్, తర్వాత విమానాలకు ఒళ్ళయింది. ఎందుకు గట్టిపడిందో 1938లో గినియర్, ప్రెస్టన్ అనే శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో తేల్చారు. మామూలు గది వేడిలోనే రాగి పరమాణువులు మెల్లగా కదిలి, నానోమీటర్లంత చిన్న గుంపులు కడతాయి. డిస్‌లొకేషన్లు వెళ్ళి వాటికే తగులుకుంటాయి.

అయితే కలిపిన ప్రతి పరమాణువూ ఎలక్ట్రాన్ల దారికీ అడ్డమే. అందుకే కరెంటు తీగలకు వీలైనంత శుద్ధమైన రాగినే వాడతారు. హీటరులో ఆ అడ్డమే కావాలి గనక నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ తీగ పెడతారు. దాని నిరోధకత రాగికి 60 రెట్లకు పైనే.