కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదమ్మా

చిన్నీ, బాబీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నా, విడివిడిగా రాసే ఓపిక లేదు, పైగా ఈ ఫోన్లో ఒత్తులు కొట్టేసరికి నా వేళ్ళు పడిపోతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. టీచరమ్మ రాసిందాంట్లో తప్పులు పట్టే ఛాన్స్ మీకు మళ్ళీ మళ్ళీ రాదు.

మొన్న చిన్ని ఫోన్లో అడిగింది, "ఆధార్లో నా డేట్ ఆఫ్ బర్త్ ఉంది కదా అమ్మమ్మా, పద్దెనిమిది నిండగానే ఓటు అదే వచ్చేస్తుంది కదా" అని. రాదమ్మా. మనం వెళ్ళి అడగాలి, రాయించుకోవాలి, రాశారో లేదో మళ్ళీ మనమే చూసుకోవాలి. ఈ మూడోది అందరూ వదిలేస్తారు. నేనూ వదిలేశా, అది చెప్దామనే ఈ ఉత్తరం.

రిటైరయ్యాక మేం ఇల్లు మారాం గుర్తుందా, పాతింటికి నాలుగు వీధులు అవతలికి. ఆ తర్వాత వచ్చిన ఎలక్షన్లకి పొద్దున్నే ఏడింటికల్లా పర్సులో కార్డు పెట్టుకుని లైన్లో నిలబడ్డా. లోపల మొదటి టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు నా దగ్గర చదువుకున్నోడే. లిస్టు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, స్కేలు పెట్టి వరసా వరసా చూశాడు, చివరికి తలెత్తకుండానే "మేడమ్, మీ పేరు లేదండి" అన్నాడు. కార్డు తీసి చూపించా. "కార్డుందండీ, పేరు లేదు" అన్నాడు పాపం. ఎన్నేళ్ళు ఎలక్షన్ డ్యూటీ చేశానో నేను, మొదట ఓపీవోగా, అంటే బూత్‌లో టేబుళ్ళ దగ్గర కూర్చునే సిబ్బందిగా, తర్వాత పీవోగా, అంటే బూత్ మొత్తానికీ ఇంచార్జిగా, అదే మాట ఎంతమందికి చెప్పి వెనక్కి పంపించుంటానో! మీ తాతయ్య పేరు మాత్రం శుభ్రంగా ఉంది. ఓటేసొచ్చి ఆ రోజంతా సిరా వేలు నా మొహం ముందు ఆడిస్తూనే ఉన్నారు. ఆయనది ఉంచి నాది ఎందుకు తీసేశారో ఇప్పటికీ తెలీదు.

కాబట్టి ముందు ఇది బుర్రకెక్కించుకోండి, కార్డు అంటే నువ్వు ఎవరివో చూపించుకోడానికి, అంతే. అది లేకపోయినా ఆధారో పాన్ కార్డో పాస్‌పోర్టో ఇంకోటో చూపించి ఓటెయ్యొచ్చు. లిస్టులో పేరు లేకపోతే మాత్రం ఏ కార్డూ పనిచెయ్యదు.

చిన్నీ, నీకు కావాల్సింది ఫారం 6, కొత్తగా చేరేవాళ్ళది. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఆ రోజుకి పద్దెనిమిది నిండకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు నాలుగూ లెక్కే. నీకు ఆగస్టులో నిండుతాయి కాబట్టి నీది అక్టోబర్ 1. పదిహేడు దాటాక ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు కూడా, కాబట్టి ఇంకా టైముంది కదా అనకు. ఎలక్షన్ కమిషన్ సైటులోనో యాప్‌లోనో చేసెయ్, ఫోటో, వయసుకి ప్రూఫ్, అడ్రస్‌కి ప్రూఫ్ ఉంటే చాలు. ఆ తర్వాత బీఎల్‌వో, అంటే మన బూత్ ఓటర్ల లిస్టు చూసే ఆవిడ, ఇంటికొచ్చి చూసుకుంటారు, ఆవిడ అంగన్‌వాడీ టీచరో ఇంకెవరో అయ్యుంటారు, వంద పనుల మధ్య ఇదొకటి వాళ్ళకి, విసుక్కోకుండా కాసిని మంచినీళ్ళివ్వు. ఇల్లు మారినా, పేరులో అక్షరం తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. ఫారం 7 పేరు తీసెయ్యమని అడిగేది, ఇది మన గురించి వేరేవాళ్ళు కూడా పెట్టొచ్చు, అందుకే ఎలక్షన్లు లేనప్పుడు కూడా లిస్టు చూసుకోమంటున్నా. అనుమానమొస్తే 1950కి ఫోన్ చెయ్.

హాస్టల్లో ఉన్నావు కాబట్టి హైదరాబాద్‌లో అయినా రాయించుకోవచ్చు, ఇక్కడ తెనాలిలో అయినా రాయించుకోవచ్చు, నీ ఇష్టం, కానీ ఒక్కచోటే. అక్కడ రాయించుకుంటే తెలంగాణ ఓటరువి, ఇక్కడైతే ఆంధ్రా ఓటరువి. మనవాళ్ళు చాలామంది అక్కడోటి ఇక్కడోటి పెట్టుకుని పండక్కొచ్చినట్టు బస్సెక్కి వస్తుంటారు, అదేదో తెలివైన పని అనుకుంటారు, చట్టం ప్రకారం తప్పు. 2024లో రెండు రాష్ట్రాలకీ మే 13నే పోలింగ్ పడేసరికి తెలిసొచ్చింది కొందరికి.

బాబీ, నీ సంగతి. నువ్వు అమెరికాలో ఉన్నా ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కదా, ఫారం 6ఏ అని ఉంది, పాస్‌పోర్టులో ఉన్న అడ్రస్ మీద ఇక్కడి లిస్టులో చేరొచ్చు. పోస్టులో పంపేస్తా, ఆన్‌లైన్లో నొక్కేస్తా అంటే మాత్రం కుదరదు, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని నువ్వే బూత్‌కి రావాలి. మిలిటరీ వాళ్ళకైతే బ్యాలెట్ పేపర్ కంప్యూటర్లో పంపిస్తారు, వాళ్ళు వేసి పోస్టులో తిప్పి పంపుతారు, నీకు ఆ వీలు లేదు. అన్యాయమే అంటాన్నేను, కానీ ఆ వంకన అయినా ఒకసారి వస్తావేమో చూద్దాం.

ఇక ఓటెయ్యడం. నా మొదటి ఓటు 1977లో. అప్పట్లో ఇరవై ఒకటి నిండాలి, పద్దెనిమిది చేసింది 1989లో. పొడుగాటి కాగితం ఇచ్చి స్వస్తిక్ గుర్తున్న రబ్బరు స్టాంపు ఇచ్చేవాళ్ళు, మనవాడి గుర్తు పక్కన గుద్ది మడత పెట్టి డబ్బాలో వెయ్యాలి. ఆ మడతలోనే ఉంది కథంతా! అడ్డంగా మడిస్తే తడి సిరా కింద గుర్తు మీద కూడా అంటుకునేది, లెక్కింపు దగ్గర దాన్ని పట్టుకుని గంట కొట్టుకునేవాళ్ళు ఏజెంట్లు. అందుకని కాగితం ఇచ్చే ముందే నిలువుగా మడిచి విప్పి ఇచ్చేవాళ్ళం.

ఇప్పుడు మొదటి టేబుల్ దగ్గర పేరు చూస్తారు, రెండో దగ్గర ఎడమ చూపుడు వేలికి సిరా రాసి రిజిస్టర్లో సంతకం పెట్టించుకుంటారు, మూడో దగ్గర కంట్రోల్ యూనిట్ మీద బటన్ నొక్కితేనే లోపల నీ మిషన్ తయారవుతుంది. నువ్వు నీలం బటన్ నొక్కాక పక్కన వీవీప్యాట్ అనే స్లిప్పులు అచ్చేసే మిషన్ అద్దంలోంచి స్లిప్పు ఏడు సెకన్లు కనపడుతుంది, పేరూ గుర్తూ చూసుకో, అది తెగి డబ్బాలో పడిపోతుంది, చేతికివ్వరు. బీప్ వినకుండా బయటికి రాకు. అసెంబ్లీ, పార్లమెంటు కలిపి వస్తే మిషన్లు రెండుంటాయి, పార్లమెంటుది తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ. కొంతమంది ఒకటి నొక్కేసి వచ్చేస్తుంటే "అమ్మా ఇంకోటుంది" అని వెనకాల కేకలెయ్యడమే మా పని. సాయంత్రం టైమైపోయేసరికి లైన్లో ఉన్నవాళ్ళందరికీ వెయ్యనివ్వాల్సిందే, లైన్లో ఉన్నారని గుర్తుకి స్లిప్పులు లైను చివర నుంచి మొదలుపెట్టి ముందుకి ఇస్తాం, లేకపోతే ఇస్తూ ఉండగానే వెనక ఇంకో పాతికమంది చేరతారు.

ఒక్కో మిషన్ మీద నోటాతో కలిపి పదహారు బటన్లే ఉంటాయి. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు కోపమొచ్చి తామే నామినేషన్లు వేసేస్తే 185 మంది నిలబడ్డారు, బూత్‌కి పన్నెండు మిషన్లు పెట్టాల్సొచ్చింది. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ చెప్పుకోడానికి నిలబడ్డవాళ్ళతో కలిపి 480 మంది, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది.

కాగితం పోయిందనుకోకండి, తెలంగాణలో సర్పంచ్ ఎన్నికలు కాగితం మీదే. గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఇంకో రకం, దాని లిస్టే వేరు, డిగ్రీ అయ్యి మూడేళ్ళు దాటాలి, ఫారం 18 పెట్టాలి. అక్కడ స్టాంపు లేదు, టిక్కు లేదు, వాళ్ళిచ్చిన పెన్నుతో 1, 2, 3 అని నీ వరస అంకెల్లో వెయ్యాలి. డిగ్రీలు చదివినోళ్ళే టిక్కులు పెట్టి, ఐ లవ్ యూలు రాసి వేలకి వేలు పాడు చేస్తారు. చదువు లేని మా చాకలి నాగమ్మ ఒక్క ఓటు కూడా పాడు చేసుకోలేదు జన్మలో.

డ్యూటీలో ఉన్నవాళ్ళకి పోస్టల్ బ్యాలెట్. లోపలి కవరు, బయటి కవరు, డిక్లరేషన్ మీద సంతకం, అందులో ఒకటి తప్పినా ఓటు పోయినట్టే. ఎనభై అయిదు దాటినవాళ్ళకీ, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకీ ఇంటికే వస్తారు, ముందుగా 12డీ ఫారం ఇస్తే. 2024లో మా పెద్దక్కకి అలాగే వచ్చారు, ఇద్దరు ఉద్యోగులు, ఒక పోలీసు, ఒక వీడియో అబ్బాయి. భోజనాల బల్ల మీద అట్ట అడ్డం పెట్టి కాగితం ఇచ్చారు. అది అట్ట వెనక నుంచి "ఒసే, మనవాడు పైన ఉన్నాడా కింద ఉన్నాడా" అని నన్ను ఇల్లెగిరిపోయేలా అడిగింది. "మామ్మగారూ, పైకి అనకూడదండీ" అని వాళ్ళు, వీడియో అబ్బాయి నవ్వాపుకోలేక కెమెరా ఊగిపోతోంది. తర్వాత ఇక బూత్‌కి వెళ్ళి వేస్తానంటే కుదరదు సుమా.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. నేను పీవోగా ఉన్న ఒక బూత్‌లో మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది, చూస్తే ఆవిడ పేరు మీద అప్పటికే టిక్కు పడిపోయింది. నాలుగు ప్రశ్నలడిగా, అన్నీ సరిగ్గా చెప్పింది, ఆవిడే నిజం. అలా అయితే టెండర్ ఓటని ఉంటుంది, మిషన్ మీద కాదు, కాగితం ఇచ్చి వేయించి కవర్లో పెడతాం. మామూలు లెక్కింపులో ఆ కవరు విప్పరు, కోర్టు అడిగితేనే బయటికొస్తుంది. ఆ సంగతి కూడా చెప్పా ఆవిడకి, దాచలేదు. "లెక్కెట్టినా ఎట్టకపోయినా నా ఓటు నేను ఏసే ఎళ్తా, ఇవ్వమ్మా కాయితం" అంది. గుడ్డ సంచి కింద పెట్టి వంగి వేసి, కవరు నా చేతికిచ్చి, నేను దాన్ని పెట్టెలో పెట్టేదాకా కదల్లేదు.

చిన్నీ, అప్లై చేశాక రిఫరెన్స్ నంబర్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టు. పేరు ఎక్కాక లిస్టులో నీ పార్ట్ నంబరు, సీరియల్ నంబరు కనపడేలా ఫోటో తీసి పంపించు. కార్డు ఫోటో పంపితే నేను చూడను.

మీ అమ్మమ్మ