ముసలి చేపను కోయొచ్చా? నది చేపల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: పెద్ద చేప అంటే ముసలి చేపే.

కాదు. బెంగళూరు రసెల్ మార్కెట్లో ఐసు మీద పరిచిన మూడు, నాలుగు కిలోల బొచ్చె చాలావరకు ఆంధ్రా చెరువుల నుంచి లారీలో వచ్చినదే. తవుడు, వేరుశనగ చెక్క తిని రెండు మూడేళ్లలో ఆ బరువుకు వస్తుంది. దాని తలతో పులుసు పెట్టుకోవడానికి ఏ సంకోచమూ అక్కర్లేదు. పెంచిన రైతు మళ్లీ పిల్ల వేస్తాడు.

ఆలోచించాల్సింది నదిలో తనంతట తాను పెరిగిన చేప గురించి. కావేరిలో మూపు ఉన్న మహసీర్ (ఇక్కడి కన్నడిగులు మహసీర్‌ను బిళిమీను అంటారు), కృష్ణ, తుంగభద్రల్లో పెద్ద వాలుగ అలాంటివి. గట్టు మీద నిలబడి వాటి వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు. పొలుసు మీద వలయాలు లెక్కపెట్టొచ్చు అంటారు కానీ, మన నీళ్లలో గట్టి చలికాలం ఉండదు కాబట్టి ఆ గీతలు మసకగా పడతాయి. పైగా వయసు మీరిన చేపలో చివరి వలయాలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుపోతాయి, లెక్క తక్కువ వస్తుంది. నమ్మదగిన లెక్క తలలోని చెవిరాయిని కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే దొరుకుతుంది. అందుకు చేప చావాలి. కాబట్టి నదిలో దొరికిన ప్రతి భారీ చేపనూ ముసలిదనే అనుకోవడం మంచిది.

అపోహ: ముసలిది కదా, ఎలాగూ చచ్చేదే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. చేపల చావుల్లో అత్యధికం గుడ్డు, పిల్ల దశల్లోనే జరుగుతాయి. ఆ గండాలన్నీ దాటి పెద్దదైన చేపకు నీళ్లలో శత్రువులు దాదాపు ఉండరు.

అమెరికాలో బిగ్‌మౌత్ బఫెలో అనే మంచినీటి చేప ఉంది. మహా అయితే పాతికేళ్లు బతుకుతుందని చాలాకాలం అనుకున్నారు. పనికిరాని చేప కింద లెక్కగట్టి, రాత్రిపూట లైట్లు వేసి బాణాలతో కొట్టి పారేసేవారు. 2019లో మిన్నెసోటా చేపల చెవిరాళ్లు పరీక్షిస్తే ఒకదాని వయసు 112 ఏళ్లని తేలింది. అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 జాడతో ఆ లెక్కను సరిచూశారు. కొన్నిచోట్ల పట్టినవాటిలో అత్యధికం 80 ఏళ్లు దాటినవే. 2021లో ఇంకో పరిశీలన వచ్చింది: వయసుతో పాటు ఈ చేపల రోగనిరోధక శక్తి తగ్గుతున్న గుర్తులేవీ కనిపించలేదు.

80 ఏళ్లు దాటినవే ఎక్కువగా ఉన్నాయంటే అర్థం, ఆ తర్వాత పుట్టినవి బతికి పెద్దవి కావడం చాలా అరుదు అని. వరద సరైన సమయంలో రావాలి, నీరు పల్లాల్లో నిలవాలి, పిల్లలకు తిండి దొరకాలి. అవన్నీ కుదిరే ఏడాది ఎప్పుడో గానీ రాదు. ఆ ఏడాది దాకా జాతిని మోసేది ముసలి చేపలే. వాటిని కోయడమంటే విత్తనపు వడ్లు వండుకోవడమే.

అపోహ: ముసలిదానికి జన (పొట్టలో గుడ్లు) ఉండదు.

ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుంది. సముద్రపు కాడ్ చేప మీద 2018లో వేసిన లెక్క ప్రకారం 30 కిలోల ఆడ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కిలోల ఆడ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ. ఆ 28 చేపల మొత్తం బరువు 56 కిలోలని గమనించండి. ప్రతి మంచినీటి చేపకూ ఇదే నిష్పత్తి వర్తించదు. కానీ ఒళ్లు పెరిగేకొద్దీ జన పెరుగుతుందన్నది మన నది చేపలకూ సాధారణ సూత్రమే. మహసీర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. బొచ్చె, శీలావతి కిలో బరువుకు లక్ష, అంతకు మించి గుడ్లు పెడితే, మహసీర్ పెట్టేది కొన్ని వేలే.

అపోహ: హేచరీ (చేప గుడ్లు పొదిగించే కేంద్రం) పిల్లల్ని వదిలితే లోటు తీరిపోతుంది.

కావేరినే చూడండి. 1946లో దాని ఉపనది కబినిలో 120 పౌండ్ల (సుమారు 54 కిలోల) మహసీర్ గాలానికి పడింది. 1970ల తర్వాత మహారాష్ట్రలోని లోనావాలా హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్ అనే వేరే జాతి పిల్లల్ని కావేరిలో వదిలారు. కావేరి ఒడ్డున గాలిబోరెలో 1998 నుంచి 2012 దాకా గాలం వేసినవారి పట్టికలు చూస్తే దొరికిన చేపల సంఖ్య పెరిగింది, సగటు బరువు తగ్గింది. పెరిగిన లెక్కంతా వదిలిన జాతిది. అసలు ఊరి చేప అయిన మూపు మహసీర్ మాత్రం తగ్గిపోయింది. దాని శాస్త్రీయ నామం టోర్ రేమాదేవి అని తేలేసరికి 2018 వచ్చింది. అదే ఏడాది అది తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల పట్టికలో చేరింది. పిల్లల్ని లారీలో తేవచ్చు. ముప్ఫై ఏళ్ల వయసును తేలేం.

అపోహ: చిన్నవి వదిలి పెద్దవే పట్టుకుంటే న్యాయం.

సగం నిజం. కనీస సైజు నియమం ఒక్కటే ఉంటే ఒత్తిడంతా పెద్ద చేపల మీద పడుతుంది. కింద ఒక గీత, పైన ఒక గీత పెట్టి మధ్య సైజువే తీసుకోవడం మేలు.

అపోహ: పెద్ద చేపలో బలం ఎక్కువ.

పాదరసం కూడా ఎక్కువే. చేపల్ని తినే చేప ఎన్నేళ్లు బతికితే అంత పాదరసం కూడబెడుతుంది. అది కొవ్వులో కాదు, కండలోనే పట్టుకుని ఉంటుంది. పసుపు, నిమ్మరసంతో ఎంత కడిగినా, ఎంత వేయించినా పోదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు పెద్ద వాలుగ పెట్టకపోవడమే మంచిది. ఇంకో మాట: బెంగళూరు మురుగులో కొంత వృషభావతిలో పడి, అర్కావతిలో కలిసి, సంగమ దగ్గర కావేరికి చేరుతుంది. ఆ దిగువ నీళ్లలో దశాబ్దాలు బతికిన చేప ఒంట్లో ఆ నీటి చరిత్ర కూడా ఉంటుంది.

అపోహ: ఫొటో తీసి వదిలేశాం కదా, బతికే ఉంటుంది.

ఈదుకుంటూ వెళ్లినంత మాత్రాన బతికినట్టు కాదు. అలసిపోయిన చేప ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని, కొన్ని గంటల తర్వాత మడుగు అడుగున చనిపోవచ్చు. అది మనకు కనబడదు. పైగా 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పెద్ద చేప కోసం గాలం వేయకపోవడమే న్యాయం. అభయారణ్యం హద్దుల్లో అనుమతి లేకుండా అసలే వేయకూడదు. మిగతాచోట్ల పద్ధతి ఇది:

ఒకే కొక్కెం వాడాలి, దాని వెనక ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయాలి. సన్నని లైనుతో గంటసేపు ఆడించడం గొప్పతనం కాదు. లైను గట్టిదైతే చేప త్వరగా ఒడ్డుకు వస్తుంది. చేతులు తడుపుకున్నాకే ముట్టుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పొర ఊడి బూజు పడుతుంది. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకూడదు. నీళ్లలో తన బరువు తనకు తెలియని చేపకు గాలిలో ఆ బరువంతా దవడ మీద, వెన్ను మీద పడుతుంది. త్రాసు కూడా వద్దు. నీళ్లలో ఉండగానే పొడవు, చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, పొడవును చుట్టుకొలతతో రెండుసార్లు గుణించి 29,000తో భాగిస్తే కిలోలు సుమారుగా వస్తాయి. పొడవు 100, చుట్టుకొలత 60 అయితే దాదాపు పన్నెండున్నర కిలోలు. కొక్కెం గొంతులోకి దిగితే లాగకుండా లైను కోసేయాలి. ఫొటోకి పది సెకన్లు మించి పైకి ఎత్తకూడదు. వదిలేటప్పుడు తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, పొట్ట కింద చెయ్యి ఆనించాలి. మొప్పలు నిదానంగా, సమంగా ఆడుతూ, తోక తనంతట తానే చేతిని తోసేదాకా ఆగాలి. ముందుకూ వెనక్కూ ఊపితే మొప్పల్లోకి నీరు ఎదురుగా పోతుంది, అది చెరుపే.

అపోహ: తప్పంతా వల వేసేవాళ్లదే.

చేపల కోసం నీళ్లలో పేలుడు తూటా పేల్చేవాడిని వెనకేసుకు రాలేం. అది ముసలి చేపనూ, పిల్లనూ, గుడ్డునూ ఒక్క దెబ్బకు చంపుతుంది. కానీ ఇంటి తిండికి, పూట ఖర్చుకు వల వేసేవాడి చేతికి 20 కిలోల చేప చిక్కితే వదిలేయమనే హక్కు, శనివారం సరదాకు వచ్చిన మనకు అంత తేలిగ్గా రాదు. వదలాలంటే వల కొయ్యాలి. ఆ వల బాగుచేయించే ఖర్చు, ఆ చేప వెల కలిపి అక్కడికక్కడే అతని చేతిలో పెట్టగలిగితే అడగండి. పెట్టలేకపోతే కనీసం కొనకండి. మార్కెట్లో అయితే “చెరువుదా, నదిదా?” అని అడిగి, నదిది అంటే కిలోన్నర లోపుది ఇమ్మనండి.