శాంపిల్ 30 దాటితే నార్మల్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

వైజాగ్‌లో స్టాటిస్టిక్స్ చదివిన ఎవర్నైనా అడగండి, శాంపిల్ 30 దాటితే నార్మల్ టేబుల్ (గంట ఆకారపు వంపు నుంచి అవకాశాలు చదివే పట్టిక) వాడేయొచ్చని తడుముకోకుండా చెబుతారు. 30 ఎందుకు, 25 ఎందుకు కాదు అంటే మాత్రం సౌండ్ ఉండదు.

అసలు లెక్క బదులు వాడే ఈ దగ్గరి లెక్కల కథ 1733లో మొదలైంది. ఫ్రాన్స్ వదిలొచ్చి లండన్‌లో లెక్కల ట్యూషన్లు చెప్పుకుని బతికిన డి మోవర్, లాటిన్‌లో ఏడు పేజీలు అచ్చు వేయించి తెలిసినవాళ్లకు పంచాడు. నాణెం వేల సార్లు ఎగరేస్తే బొమ్మ ఎన్నిసార్లు పడుతుందో అసలు ఫార్ములాతో తేల్చాలంటే ఆ ఫ్యాక్టోరియల్స్‌తో (1 నుంచి ఆ అంకె దాకా అన్నీ గుణించడం) చేతులు పడిపోతాయి కాబట్టి ఆయన అడ్డదారి వెతికాడు, అదే ఇవాళ్టి నార్మల్ వంపు. 3600 సార్లు వేస్తే బొమ్మలు 1770కీ 1830కీ మధ్య ఉండే అవకాశం 0.682688 అని లెక్కగట్టాడు. ఇవాళ కంప్యూటర్‌లో పూర్తి లెక్క వేస్తే 0.69 వస్తుంది. అంటే 3600 దగ్గర కూడా కాస్త తేడా ఉంది, చూశారా!

తర్వాత 1810లో లాప్లాస్ దీన్ని నాణేల నుంచి బయటికి తెచ్చాడు, 1901లో ల్యాపునోవ్ గట్టి రుజువు ఇచ్చాడు, 1920లో పోల్యా సెంట్రల్ లిమిట్ థీరమ్ అని పేరు పెట్టాడు. ఇదంతా చెప్పేది ఒక్కటే: శాంపిల్ పెరిగే కొద్దీ దాని సగటు నార్మల్‌కు దగ్గరవుతుంది. ఎంత శాంపిల్‌కు ఎంత దగ్గరో ఆ థీరమ్ చెప్పదు.

దానికి అందరికీ పనికొచ్చే జవాబు 1941లో బెర్రీ, 1942లో ఎస్సీన్ విడివిడిగా ఇచ్చారు. తప్పు ఇంతకు మించదు అనే హద్దు శాంపిల్ సైజు వర్గమూలం లెక్కన తగ్గుతుంది, అంటే ఆ హద్దు సగానికి దిగాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. పైగా డేటా ఎంత ఒకవైపుకు ఒరిగి ఉంటే ఆ హద్దు అంత పెద్దది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల పెట్టెలు తనిఖీ చేస్తున్నారనుకోండి. నూటికి ఒకటి చెడ్డది, మనం 30 తీశాం. ఒక్క చెడ్డదీ తగలకపోయే అవకాశం నిజానికి 0.74. నార్మల్ టేబుల్ నేరుగా చూస్తే 0.29 అంటుంది! 0కు సగం కలిపి 0.5 దగ్గర చూసే సవరణ చేసినా 0.64 దాటదు. 1837 నాటి పాయిజాన్ లెక్క మాత్రం 0.741 ఇస్తుంది, అదీ దగ్గరి లెక్కే, కాకపోతే అరుదైన వాటి కోసం పుట్టింది. బెర్రీ, ఎస్సీన్‌ల సూత్రాన్ని ఇక్కడ పెడితే తప్పు 0.85 దాకా ఉండొచ్చంటుంది, అంటే ఏ భరోసా లేనట్టే. అదే 30 నాణేలకైతే 0.09 లోపే.

బెర్రీ పేపర్ వచ్చిన 1941లోనే, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన సి.ఆర్.రావు గారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో ఆయన ఇచ్చిన స్కోర్ టెస్ట్ (ఒక ఊహ డేటాతో పొసుగుతుందా అని చూసే పరీక్ష) కూడా పెద్ద శాంపిల్స్‌లో కై-స్క్వేర్ అనే మరో వంపుకు దగ్గరవుతుందనే లెక్క మీదే నిలబడింది. మన ఊళ్లో ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం, 'పెద్ద శాంపిల్స్‌లో' అన్న షరతు మాత్రం నోట్సులోంచి జారిపోతుంది.

ఇక ఆ 30 సంగతి. నా అనుమానమంతా స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ 1925 పుస్తకంలోని టీ-టేబుల్ (చిన్న శాంపిల్స్ సగటుకు వాడే పట్టిక) మీదే. అందులో వరుసలు 1 నుంచి 30 దాకా వెళ్లి, ఆ తర్వాత ఏకంగా అనంతానికి దూకుతాయి. 5 శాతం దగ్గర 30వ వరుసలో 2.042, చివరి వరుసలో 1.960 (అదే నార్మల్ అంకె), కాబట్టి ఆపైన పట్టించుకోనక్కర్లేదని జనం అనుకుని ఉంటారు. కానీ ఆ టేబుల్ డేటా ముందే నార్మల్ అని ఒప్పుకుని వేసింది, వేరియన్స్ (డేటా ఎంత చెదిరి ఉందో చెప్పే కొలత) తెలియనప్పుడు ఎంత సర్దుకోవాలో మాత్రమే చెబుతుంది. దాన్ని పట్టుకుని మనం రొయ్యల పెట్టెల్ని కూడా నార్మల్ చేసేస్తున్నాం.